నాలుగో రాయి

మన కొట్టు నుంచి,
జనవరి 18, ఆదివారం

చిట్టికి,

అక్క దీవెనలు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు కూడా క్షేమమేనని ఊళ్ళో గోడలన్నీ చెబుతున్నాయి. మన వీధి మలుపులో నీ పోస్టరు పడింది. మీ మామగారి ముఖం గోడంతా ఆక్రమించుకుంది. ఆయన భుజం పక్కన మీ ఆయన, నా మరిది, నవ్వుతున్నాడు. ఇక మిగిలిన చోట, అడుగున, చొక్కా బొత్తామంత నువ్వు. మన ఊరి కోడలికే మన ఓటు అని రాసి ఉంది. పోటీ చేసేది నువ్వేనా, మీ మామగారా అని రెండుసార్లు చదువుకోవాల్సి వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని గోడకి ముక్కు ఆనించి చూశాను. చిక్కిపోయావు. చెంపలు లోపలికి పోయాయి. ఫోటో తీసినవాడి చేతగానితనమే అయ్యుంటుందని సర్దిచెప్పుకుని ఇంటికి వచ్చాను. మర్నాడు పాలకి వెళ్తూ మళ్ళీ చూశాను. ఇప్పుడు రోజూ చూస్తున్నాను.

నా సంగతులంటే పెద్దగా ఏమీ లేవు. కొట్టు నడుస్తోంది. గుమ్మాలకి పేరుపలకలు, సమాధిరాళ్ళు, అప్పుడప్పుడు బడికో ఆఫీసుకో ఒక బోర్డు. ఈ మధ్య ఊళ్ళోకి మిషను మీద చెక్కేవాళ్ళు వచ్చారు. ఇలా చెబితే అలా రాయి చేతిలో పెడుతున్నారు. అయినా పాతవాళ్ళు కొందరు నన్ను వదల్లేదు. మోకాళ్ళు మాత్రం మొరాయిస్తున్నాయి. కింద కూర్చుంటే లేవడానికి గోడని బతిమాలుకోవాలి. చెయ్యి ఇంకా వణకడం లేదు, అదే చాలు. అక్షరాల్లో నల్లరంగు నింపడం ఒక్కటే నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు. అది నీ పని కదా. సన్నకుంచె పట్టుకుని, నాలుక కొంచెం బయటపెట్టి, గీత దాటకుండా నింపేదానివి. నేను నింపితే అంచులు దాటుతుంది. గుడ్డతో తుడిచి, మళ్ళీ నింపి, విసుగొచ్చి నిన్ను తిడతాను. నువ్వు పక్కగదిలో ఉన్నట్టే పైకి తిడతాను. పక్కనున్న టీకొట్టు పిన్ని ఆ తిట్లు విని ఇంటికెవరొచ్చారని అడుగుతుంది.

సరే, అసలు సంగతికి వస్తాను. ఈసారి చైర్మన్ సీటు ఆడవాళ్ళకి ఇచ్చారని తెలిసినప్పుడు ఊళ్ళో కొందరు సంబరపడ్డారు, మీ గేటింటి రాజ్యం ఇంతటితో ఆగిందని. మీ ఆయన తాతగారు, తర్వాత మీ మామగారు, ఆయన తర్వాత మరిది. మునిసిపల్ ఆఫీసులో ఆ కుర్చీని మీ హాల్లో కుర్చీలతో కలిపి ఒకేసారి చేయించారేమో అన్నట్టుండేది. ఆ సంబరం మర్నాటికే నీరుగారిపోయింది. మీ అత్తగారు బతికుంటే ఆవిడని నిలబెట్టేవాళ్ళు. ఆవిడ లేరు కాబట్టి గేటింటి మగవాళ్ళు ఇల్లంతా కలయజూశారు, నువ్వు కనిపించావు. ఇన్నేళ్ళకి నువ్వున్నావని వాళ్ళకి గుర్తొచ్చినందుకు నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

మంగళవారం మీ సెక్రటరీ కొట్టుకి వచ్చాడు. కొత్తవాడిలా ఉన్నాడు, ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యడు. నేను నీకేమవుతానో అతనికి తెలియదు, నేనూ చెప్పలేదు. ఎన్నికల ప్రకటన వచ్చేలోగా ఏటి మీద వంతెనకి శంకుస్థాపన జరిగిపోవాలట. నల్లరాతి పలక కావాలి, వారంలో ఇవ్వాలి అన్నాడు. మీ నాన్నగారి కాలం నుంచీ మీ దగ్గరే చేయిస్తున్నారట కదమ్మా, మీకు కొత్తేం కాదు అని కూడా అన్నాడు. నేను చెక్కనన్నాను. అతనికి నా మాట ఎక్కలేదు, రాయి కొలతలు చెప్పడం మొదలుపెట్టాడు. చెక్కనని మళ్ళీ చెప్పాను. అప్పుడు ఫోను చెవి దగ్గర్నుంచి తీసి నా ముఖంలోకి చూశాడు.

ఎందుకు చెక్కనన్నానో నీకు చెప్పుకోవాలి. నువ్వు కాకపోతే ఇంకెవరికి చెప్పుకుంటాను?

ఆ వంతెనకి మొదటి రాయి నాన్న చెక్కాడు, నువ్వింకా పుట్టలేదు. మీ ఆయన తాతగారు వచ్చి ఏటి గట్టున పాతించి, వంతెన అప్పుడే వచ్చేసినట్టు ఉపన్యాసమిచ్చి వెళ్ళారు. రెండో రాయీ నాన్నే చెక్కాడు, మీ మామగారి పేరు మీద. అప్పుడు నువ్వు ఆయన ఉపన్యాసం అయ్యేదాకా నా భుజం మీద నిద్రపోయావు. మూడోది నేను చెక్కాను, నాన్న పోయిన ఏడాది. మూడింటి మీదా మాటలు అవే, ఇంటిపేరు అదే, ముందున్న పేరొక్కటే మారింది. ప్రతిసారీ వంతెనకని డబ్బు వచ్చింది, ఖర్చయిపోయింది. ఆఫీసు కాగితాల మీద మనకి మూడు వంతెనలున్నాయట. గట్టున నిలబడి చూస్తే మాత్రం ఆ గట్టు నుంచి ఈ గట్టుకి వేసిన చెక్కలే కనిపిస్తాయి. బజారు, బడి, ఆసుపత్రి, మీ గేటు అన్నీ అవతలే. మనం ఇవతల.

మూడో రాయి సంగతి నీకు గుర్తుచెయ్యక్కర్లేదు. మరిది తనే స్వయంగా వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. నువ్వు రాతి మీద అతని పేరు సుద్దతో దిద్దుతున్నావు. ఒక్క పేరు రాయడానికి ఇంతసేపా అని అతను ఎగతాళి చేశాడు. నువ్వు తలెత్తకుండానే, వంతెన కట్టడానికి మీవాళ్ళు తీసుకున్నంతసేపు కాదులెండి అన్నావు. అతను కోప్పడతాడని భయపడ్డాను. అతనేమో విరగబడి నవ్వాడు. ఆ మర్నాడు ఏదో మార్పుందని మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాత మార్పులేవీ లేకుండానే వచ్చాడు. ఆ రాయి మాకు వంతెన తేలేదు గానీ నిన్ను మాత్రం ఏరు దాటించింది. అతను చెడ్డవాడని నేనెప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. తండ్రి ముందు నోరెత్తలేని మనిషి, అంతే.

పోయిన వానాకాలంలో టైలరు భార్య పోయింది. నీ బడి గౌన్లన్నీ కుట్టింది ఆవిడే. కడుపులో నొప్పని మెలికలు తిరిగిపోతుంటే మంచం మీదే ఎత్తుకుని గట్టుకి తెచ్చారు. ఏరు పొంగి చెక్కలు కొట్టుకుపోయాయి. అవతల ఆసుపత్రి కనిపిస్తూనే ఉంది, వరండాలో నర్సు తిరగడం కూడా కనిపిస్తోంది. నీళ్ళు తగ్గుతాయేమోనని చూస్తూ కూర్చున్నాం. ఆవిడ తల నా ఒళ్ళో ఉంది. నీళ్ళు తగ్గలేదు. ఆవిడ సమాధిరాయి నేనే చెక్కాను. ఇదంతా అయ్యాక నాలుగో రాయి చెక్కమంటే ఏ మొహం పెట్టుకుని చెక్కను? ఊళ్ళోవాళ్ళు అడిగితే ఇదే చెప్పాను.

నేను చెక్కననడం టీకొట్టు పిన్ని గోడ అవతల నుంచి వింది. ఇక చెప్పేదేముంది, సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. రిటైరైన హెడ్మాస్టరుగారు వచ్చి నా ధైర్యం గురించి టీ చల్లారిపోయేదాకా మాట్లాడారు. టైలరు వచ్చి మరిది కూర్చున్న ఆ బల్ల మీదే కాసేపు కూర్చుని వెళ్ళాడు. నాకు సిగ్గేసింది.

పాప పుట్టినప్పుడు నిన్ను చూడ్డానికి వచ్చానని నీకు తెలుసో తెలియదో. గేటు పక్క గదిలో కూర్చోబెట్టారు. పింఛను కోసం, బదిలీ కోసం, కొడుకు ఉద్యోగం కోసం వచ్చినవాళ్ళంతా అక్కడ బెంచీల మీద వరసగా ఉన్నారు. గుమాస్తా రిజిస్టరు తెరిచి ఏం పని మీద వచ్చారని అడిగాడు. చెల్లెల్ని చూడాలన్నాను. అతను బుర్ర గోక్కున్నాడు. పింఛను, బదిలీ, ఉద్యోగం, సిఫార్సు, ఇవే ఉన్నాయమ్మా, ఇందులో ఏది వెయ్యమంటారు అన్నాడు. చివరికి సిఫార్సు కింద వేశాడు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాక, అమ్మగారు విశ్రాంతి తీసుకుంటున్నారు, ఇంకోసారి రండి అని కబురొచ్చింది. పింఛను కోసం వచ్చిన ముసలాయన నాకంటే నయం, ఆయన పనైంది. తిరిగి వస్తూ మేడమీద కిటికీల్లో కనిపిస్తావేమోనని తల పైకెత్తి నడిచాను. గుంటలో కాలు పడి చెప్పు తెగింది. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని ఏరు దాటాను. నువ్వు చూసి ఉంటే నవ్వేదానివి.

ఓట్లడగడానికి ఎలాగూ ఇవతలికి వస్తావు కదా. చుట్టూ ఎంతమంది ఉన్నా సరే, మన వీధిలోకి వచ్చినప్పుడు కొట్టు ముందు ఒక్క నిమిషం ఆగు. ఓటు అడిగే వంకతోనైనా నా చెయ్యి పట్టుకో.

నీ
అక్క


మన కొట్టు నుంచి,
ఫిబ్రవరి 3, మంగళవారం

చిట్టికి,

అక్క ఆశీస్సులు. మోకాళ్ళు తప్ప అంతా క్షేమం. నా మొదటి ఉత్తరం నీ చేతికి వచ్చిందో, ఆ గేటు గదిలో సిఫార్సుల కట్టలోకి పోయిందో తెలియదు. జవాబు రాలేదని రాయడం మానేస్తే నేను నీ అక్కనెలా అవుతాను, అందుకని మళ్ళీ రాస్తున్నాను.

మీ సెక్రటరీ రాయి కోసం ఇంకో చోటికి పరుగెత్తేలోగానే ఎన్నికల ప్రకటన వచ్చేసింది. శంకుస్థాపన ఆగిపోయింది. మీ మామగారు నా మీద నిప్పులు కక్కుతున్నారని విన్నాను. మునిసిపాలిటీవాళ్ళు వచ్చి కొట్టు ముందున్న రాళ్ళు దారికి అడ్డమన్నారు. నాన్న హయాం నుంచీ అక్కడే ఉన్న రాళ్ళు ఇప్పుడే అడ్డమొచ్చాయి. అన్నీ లోపలికి జరుపుకున్నాను. ఇప్పుడు నేను నా ఇంట్లోనే పక్కకి తిరిగి నడవాల్సి వస్తోంది.

ఊళ్ళోవాళ్ళకి మాత్రం ఉత్సాహం వచ్చింది. పాత రాళ్ళు మూడూ ఎక్కడున్నాయో వెతికి తీశారు. మీ ఆయన తాతగారి రాయి మీద మనవాళ్ళు ఇన్నేళ్ళుగా బట్టలుతుకుతున్నారు. మీ మామగారిది టీకొట్టుకి మెట్టుగా ఉంది. ఇంతకాలం ఆయన్ని తొక్కి లోపలికి వెళ్ళానని తెలిసి పిన్ని నవ్వాపుకోలేకపోయింది. మరిదిది ఒక్కటే పాతినచోట పాతినట్టుంది. మూడింటినీ కడిగి, ఏటి గట్టున వరసగా నిలబెట్టారు. రోజూ సాయంత్రం పని ముగించుకుని జనం అక్కడికి వచ్చి కూర్చుంటున్నారు. కేకలు లేవు, జెండాలు లేవు. అవతలి నుంచి చెక్కల మీద ఎవరైనా ఆఫీసరు వస్తే, వంతెన మీద నుంచి రాలేదేమండీ, మూడున్నాయి కదా అని మర్యాదగా అడుగుతున్నారు. ఆ ఆఫీసర్ల ముఖాలు నువ్వు చూడాలి.

మొన్న అక్కడే మీటింగు పెట్టారు. గేటింటికి ఎదురుగా మనం కూడా ఒకరిని నిలబెట్టాలన్నారు. సీటు ఆడవాళ్ళది కాబట్టి ఆడమనిషి కావాలి. ఇక మగవాళ్ళంతా కూర్చుని చర్చ మొదలుపెట్టారు. హెడ్మాస్టరుగారు వాళ్ళావిడ పేరు చెప్పారు. ఆవిడని అడిగారా అంటే, అడగడానికేముంది, చెబితే వింటుంది అన్నారు. ఇంకొకాయన వదిన పేరు, ఇంకొకాయన కూతురి పేరు. చీకటి పడే వేళకి ఊళ్ళో ఆడవాళ్ళందరినీ వాళ్ళకి తెలియకుండానే నిలబెట్టేశారు. టీ గ్లాసులు అందిస్తున్న పిన్నికి ఒళ్ళుమండింది. మేమూ ఇక్కడే ఉన్నాం నాయనా, మీ కంటికి ఆనుతున్నామో లేదో అని నిలదీసింది. అయితే నువ్వు నిలబడు అన్నారు. నాకు కొట్టుంది, నాకు నోటిదురుసు, రెండో రోజే ఎవడినో కొడతాను, మీకు కావాల్సిన మనిషి ఆ చివర కూర్చుంది అని నా వైపు చెయ్యి చూపించింది.

అందరూ వెనక్కి తిరిగి చూశారు. గేటింటి పని కాదని చెప్పిన మనిషి ఈ ఊళ్ళో ఈవిడొక్కతే అని హెడ్మాస్టరుగారు మళ్ళీ అందుకున్నారు. నాకు ఇలాంటివి చేతకావని చెప్పాను. ఎదుట నిలబడింది నా చెల్లెలని నేనూ అనలేదు, వాళ్ళూ అనలేదు, తెలియనిదెవరికి? చివరికి టైలరు వచ్చి పక్కన కూర్చున్నాడు. మీ చెల్లెలి మీద కాదక్కా, ఆ గేటు మీద అన్నాడు. గేటుకి ఈవల నిలబడి రాయి విసిరితే తగిలేది లోపల ఉన్నవాళ్ళకే కదా అన్నాను. నాకు కొన్నాళ్ళు గడువిమ్మని అడిగి లేచి వచ్చేశాను.

ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు. నువ్వు ఒక్క ముక్క రాస్తే చాలు, నేను ఆ గట్టు ఛాయలకి కూడా పోను. చిన్నప్పుడు నువ్వు ఏం కావాలన్నా నేను ముందు కాదని, తర్వాత ఇచ్చేసేదాన్ని. ఈసారి ముందే ఇచ్చేస్తున్నాను.

జవాబు కోసం చూస్తుంటాను.

అక్క


మన కొట్టు నుంచి,
ఫిబ్రవరి 17, మంగళవారం

చిట్టికి,

అక్క దీవెనలు. పాపకి ముద్దులు. నా ఉత్తరాలు నీకు అందుతున్నాయని నాకు తెలిసింది. ఎలా తెలిసిందో చెబుతాను.

శుక్రవారం ఉదయం మీ కారు డ్రైవరు వచ్చాడు. మంచివాడు, చెప్పులు బయట విప్పి, రాళ్ళ మధ్య నిలబడే చోటు వెతుక్కున్నాడు. మీ మామగారు పంపారన్నాడు. చెప్పమన్న మాటలు తడబడకుండా, అప్పజెప్పినట్టు చెప్పాడు. నేను పోటీ సంగతి మరిచిపోతే, ఎన్నికలయ్యాక నిన్నూ పాపనీ కారులో తీసుకొచ్చి ఒక పూట మన ఇంట్లో దింపుతారట. భోజనం చేసి సాయంత్రానికి తిరిగి వెళ్ళిపోవచ్చట. నేను నిలబడితే మాత్రం ఇక ఆ గేటు దరిదాపులకి రావద్దన్నారట.

చెప్పడం అయిపోయాక కూడా అతను కదలలేదు. ఇంకేమైనా ఉందా అని అడిగాను. కారెక్కబోతుంటే అమ్మగారు మెట్ల దగ్గరికి వచ్చారండీ, మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయో కనుక్కుని రమ్మన్నారు అన్నాడు.

మోకాళ్ళ సంగతి నేను నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు చిట్టీ. అతని ముందే ఏడ్చేశాను. అతను పాపం రాళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు. కొంచెం తగ్గాయని చెప్పమన్నాను. తగ్గలేదు, కానీ అలాగే చెప్పి ఉంటాడు.

అతను వెళ్ళాక నేనేం చేశానో తెలుసా? పక్కగది ఊడ్చాను. బయట నుంచి లోపలికి జరిపిన రాళ్ళన్నీ ఒక మూలకి పేర్చి, నీ మంచానికి దారి చేశాను. పరుపు ఎండలో వేశాను. దుప్పటి ఉతికాను. పాప పొట్టిది కదా, కంచం అందదని పీటొకటి బయటికి తీశాను. పాపకి ఏమిష్టమో నాకు తెలియదు, ఎవరిని అడగాలో కూడా తెలియదు. నువ్వు గుమ్మంలోకి రాగానే ఏమంటావో, నేనేమంటానో అంతా అనుకున్నాను. ఇంత చిక్కావేమే అని నేనంటాను. నువ్వేం తక్కువా అని నువ్వంటావు. తర్వాత మనిద్దరం వంటింట్లో కింద కూర్చుంటాం, మాట్లాడుకోం, నువ్వు కూరలు తరుగుతావు. పాప సుద్దముక్కలతో రాళ్ళ మీద గీతలు గీస్తుంది. ఇంతలో బయట కారు హారను వినిపిస్తుంది. అక్కడిదాకా వచ్చి మళ్ళీ మొదలుపెడతాను. ఎన్నిసార్లు మొదటి నుంచి అనుకున్నా ఆ హారను ముందుగానే వచ్చేస్తోంది.

రెండు రోజులు కొట్టు తెరవలేదు. ఒప్పుకుందామనే అనుకున్నాను, నీ దగ్గర దాపరికం ఎందుకు. ఆదివారం టైలరుకి చెప్పేద్దామని ఇల్లు కదిలాను. అతను ఇంట్లో లేడు, గట్టున ఉన్నాడు. పోయిన వానకి కొట్టుకుపోగా మిగిలిన చెక్కలకి కొత్తవి కలిపి మేకులు కొడుతున్నాడు. అతని భార్య పోయాక ప్రతి ఆదివారం అదే పనట. నన్ను చూసి సుత్తి పక్కనపెట్టాడు. మీ మామగారి కబురు సంగతంతా చెప్పాను. తప్పుకుంటానని చెప్పడానికే వచ్చానన్నాను. అతను కోప్పడితే బాగుండేది. తప్పేముందక్కా, ఒక్క పూట మా ఆవిడని పంపుతామంటే నేను ఈ ఊరంతా రాసిచ్చేస్తాను అన్నాడు. మళ్ళీ సుత్తి అందుకున్నాడు.

నేను అక్కడే మరిది రాయి మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. అవతల మీ మేడ కనిపిస్తోంది. చెక్కల మీద నలుగురు ఆడవాళ్ళు బజారు సంచులతో ఒకరి వెనక ఒకరు వస్తున్నారు, ఒక్కొక్కరు ఒక్కో చోట ఆగి కాలు కూడదీసుకుంటున్నారు. అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. నా చెల్లెల్ని నాకు ఒక పూట ఇవ్వడానికి వాళ్ళెవరు? వంతెన మీద ఆశ చూపించి ఊరంతటినీ మూడు తరాలు నిలబెట్టారు. ఇప్పుడు నీ మీద ఆశ చూపించి నన్ను నిలబెడుతున్నారు. ఆ పూట అయిపోయాక మళ్ళీ ఏదో కావాల్సి వస్తుంది, మళ్ళీ నిన్ను చూపిస్తారు. అలా నిన్ను చూడలేను చిట్టీ. చూడాలని ప్రాణం కొట్టుకుంటున్నా సరే, అలా మాత్రం చూడలేను.

నిన్న వెళ్ళి నామినేషన్ వేశాను. హెడ్మాస్టరుగారు, టైలరు సంతకాలు పెట్టారు. పిన్ని కొట్టు మూసుకుని నా వెనకే వచ్చింది, చెక్కల మీద నన్ను పట్టుకుని దాటించింది ఆవిడే. ఆఫీసులో మీ మనుషులు ఉన్నారు. పక్కకి జరిగి దారిచ్చారు. బయటికి వచ్చాక మీ గేటు ముందు నుంచే నడిచి వచ్చాం. తల ఎత్తలేదు. ఎత్తితే నువ్వు కనిపిస్తావేమోనని భయమేసింది.

ఒక్క మాట ఇస్తున్నాను. ఇంటింటికీ తిరుగుతాను, మీ మామగారిని వదిలిపెట్టను, ఆ మూడు వంతెనల డబ్బు ఎటు పోయిందో గట్టిగా అడుగుతాను. నీ గురించి మాత్రం నా నోటి వెంట ఒక్క మాట రాదు, ఎవరినీ అననివ్వను. నువ్వు నన్ను తిట్టాల్సి వస్తే తిట్టు. వాళ్ళు మైకిచ్చి, రాసిచ్చి, చదవమంటారు. చదువు. నాకు కోపం రాదు, మైకులో అయినా నీ గొంతు వింటాను కదా. వానాకాలంలో నువ్వు దగ్గుతావు, మిరియాలు నమలడం మానకు.

పరుపు ఇంకా లోపలికి తియ్యలేదు. రేపు తీస్తాను.

ఎప్పటికీ నీ
అక్క

తా.క.: ఒక నిజం చెప్పకుండా ఈ కవరు అంటించలేకపోతున్నాను. నేను రాయి చెక్కనన్నది వంతెన కోసం కాదు. టైలరు భార్య కోసమూ కాదు. ఊరికి అలా చెప్పాను, నీకూ అలాగే రాశాను. ఆ రోజు సెక్రటరీ పలక మీద మాటలు చెబుతుంటే నేను రాతి మీద సుద్దతో రాసుకుంటూ పోయాను. చెక్కి ఇద్దామనే రాసుకున్నాను. సంతోషంగా కూడా ఉంది, చివర్న నీ పేరు వస్తుందని. తాతగారి పేరు చెప్పాడు, మీ మామగారి పేరు చెప్పాడు, మరిది పేరు చెప్పాడు. తర్వాత, వారి కోడలిగారి చేతుల మీదుగా అన్నాడు. కోడలిగారి పేరేమిటని అడిగాను. అతనికి తెలియదు. ఫోనులో అడిగాడు. మీ మామగారి గొంతు నాకు ఇవతలికి వినిపించింది. కోడలు అని వేస్తే చాలు, పేరెందుకు అన్నారు. నేను తడిగుడ్డ తెచ్చి రాసిందంతా తుడిచేశాను. అప్పుడు అన్నాను చెక్కనని. నీ పేరొక్కటి చెప్పి ఉంటే వారం తిరక్కుండా చెక్కి ఇచ్చేసేదాన్ని, నల్లరంగు అంచు దాటకుండా ఎలాగోలా నింపేదాన్ని. ఈ మాట టైలరుకి చెప్పాలి, ఎలా చెప్పాలో తెలియడం లేదు. నిన్న ఆఫీసులో గుమాస్తాని ఒకటి అడిగాను. ఓటు కాగితం మీద మామగారి పేరు, మొగుడి పేరు ఉండవట, నిలబడినవాళ్ళ పేరే వేస్తారట. ఈసారి నిలబడింది మనిద్దరమే కాబట్టి నీ పేరూ నా పేరూ ఒకదాని కింద ఒకటి వస్తాయన్నాడు. పోలింగు రోజున ఆ కాగితం మడిచేముందు కాసేపు చూసుకుంటాను. వెనకాల వరసలో ఉన్నవాళ్ళు విసుక్కుంటే విసుక్కోనీ.